డాక్టరమ్మ ఇంట్లనే ఉంటాంది

హుజూర్‌నగర్,
8 జూలై 2018

బిడ్డా శ్రీదేవీ,

ఈడ వానలు మొదలైనయి గాని కాలువకు ఇంక నీళ్ళు ఇడువలే. నార్లు పోసుకున్నోళ్ళు మొగులు దిక్కు చూస్తున్నరు. నా పానం బాగనే ఉన్నది. చెవుల మిషన్ పెట్టుకుంటే గుయ్యిమంటది, తీస్తే ఏం ఇనబడది. నువ్వు ఫోన్ చేస్తే పక్కింటి బిక్షమ్మ ఎత్తి, నువ్వన్నది కాయితం మీద రాసి చూపిస్తది. మంచి మనిషే. కానీ మన ఇంటి సంగతి ఆమె చేతిరాతల చదువుకోవాల్నంటే నాకు మనసొప్పది. గందుకే ఉత్తరం రాస్తున్న.

మొన్న మీ చిన్నాయిన బిడ్డ భాగ్యలక్ష్మి వచ్చింది. మక్తల్‌ల మీ ఇంట్ల ఉండి వచ్చిన్నన్నది. నీ బిడ్డ నిహారిక బొద్దుగ ఉన్నదని చెప్పి, ఆఖరుకు ఇంకొక మాట అన్నది. నేను సరిగ ఇనలేదేమో అనుకున్న. మళ్ళ అడిగితే రాసిచ్చింది. శ్రీదేవక్క నౌకరి ఇడుస్తదంట, అని.

నిజమేనా?

మీ అమ్మ, నా చెల్లె, చనిపోయేనాటికి నువ్వు మూడో తరగతి. మీ నాయిన ఏసోబు రైస్ మిల్లుల బస్తాలు మోసేటోడు. నిన్ను తీసుకపోయి నా నర్సు క్వార్టర్ల పెట్టుకున్న. ఆడనే చదివినవ్, పశువుల డాక్టర్ సీటు కొట్టినవ్, సర్కారు పోస్టు తెచ్చుకున్నవ్. మన వాడల దవాఖాన నౌకరి చేసిన మొదటి ఆడమనిషిని నేను. డాక్టర్ అయిన మొదటి మనిషివి నువ్వు. బిడ్డ పుట్టిందని ఇదంత ఇడిచిపెడ్తరా ఎవరన్న?

అల్లుడు వీరేశం అన్నడా? లేకుంటే మీ అత్త నర్సింగమ్మ అన్నదా? దాచకుండ రాయి. నేను వచ్చి మాట్లాడుత.

మామిడికాయ తొక్కు బస్సుల పంపిన. అందిందా లేదా అది కూడ రాయి.

మీ పెద్దమ్మ
బాలనర్సమ్మ


మక్తల్,
19 జూలై 2018

పెద్దమ్మకు వందనాలు.

తొక్కు అందింది. నీ అల్లుడు కొత్తకోట కాలేజీకి పోయేటప్పుడు డబ్బాల రోజు అదే పెట్టించుకుంటున్నడు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నోరు మండుతాందట, అయినా ఇడువడు.

భాగ్యలక్ష్మి చెప్పింది నిజమే. ఎవ్వరు నన్ను అనలే. నా ఇష్టమే.

ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. పోయిన నెల కృష్ణ దిక్కు ఒక ఊర్ల బర్రె ఈనలేక తన్నుకుంటాందని ఫోన్ వస్తే పోయిన. దూడ అడ్డం తిరిగి ఉండె. చెయ్యి భుజం దాంక పెట్టి తిప్పినంక ఆఖరుకు బయటికొచ్చింది. తల్లీపిల్ల బతికినయి. ఆ ఇంటి ముసలామె నా కాళ్ళకు నీళ్ళు పోసింది. ఆ పొద్దు నాకంటే సంబురపడ్డ మనిషి మక్తల్‌ల లేరు. ఇంటికొచ్చిన. నిహారికను ఎత్తుకుందామని చేతులు చాపితే, నా వాసనకు మొఖం తిప్పుకొని అత్తమ్మ కొంగుల తల పెట్టింది. తానం చేసి వచ్చేసరికి పండుకున్నది.

ఆ ఒక్క పొద్దు కోసం నౌకరి ఇడుస్తున్ననని అనుకోకు. బిడ్డ ఇప్పుడు మాటలు నేర్చుకుంటాంది. కొత్త మాట ఏది పలికినా మాపటికి ఎవరో ఒకరు చెప్తే నాకు తెలుస్తాంది. 'పొద్దున బిడ్డ వాన అన్నది' అని చెప్తరు. నేను 'అవునా' అంట. ఆ 'అవునా' అనుడు నాకు శాతనైతలేదు.

నీ క్వార్టర్ల కిటికీ కాడ కూసొని నీ కోసం చూసిన సాయంత్రాలు ఇప్పుడు మస్తు యాదికొస్తున్నయి.

పని మీద ఇష్టం పోయి ఇడుస్తలేను పెద్దమ్మా. ఇష్టం పోతే ఇంత ఆలోచన ఉండకపోవు. ఇప్పుడైతే సెలవు పెట్టిన. అది అయిపోయేలోపట తేల్చుకుంట.

కోపానికి రాకు.

నీ బిడ్డ
శ్రీదేవి


హుజూర్‌నగర్,
2 ఆగస్టు 2018

శ్రీదేవీ,

నీ ఉత్తరం అందింది. కిటికీ కాడ కూసొని నా కోసం చూసిన్నని రాసినవ్ గద. ఆ మాట మళ్ళ మళ్ళ చదివిన.

నేను ప్రసవాల వార్డుల ఉంటుంటి. కడుపు నొస్తున్న మనిషిని వదిలేసి, ఇంట్ల మా చెల్లె బిడ్డ చూస్తాంది, పోయొస్త అని చెప్పలేను. నేను లేని ఇల్లు నీకు ఎట్లుండెనో ఇప్పుడు రాస్తున్నవ్. ఆ నౌకరి లేకుంటే మనకు ఆ ఇల్లే లేదు. అది యాది పెట్టుకో. నీ మంచి కోసమే పొద్దుగూకేదాంక నిలవడ్డ. తప్పు చేసిన్నని నేను అనుకోను.

ఇంకొక మాట. 'నా ఇష్టమే' అంటున్నవ్. ఆ మాట వార్డుల నేను మస్తు మంది నోట ఇన్న. వీపు మీద దెబ్బలకు మందు రాస్తుంటే, జారిపడ్డ సిస్టర్, అనేటోళ్ళు. పుట్టింటికి పోతవా అంటే, వద్దు, నా ఇష్టంతోనే ఉన్న, అనేటోళ్ళు. గందుకే నీ మాట నేను నమ్మలే.

నర్సింగమ్మకు వేరే ఉత్తరం రాసిన. ఉన్నదున్నట్టు రాసిన. నీకు కోపం వస్తే రానీ.

పెద్దమ్మ


మక్తల్,
25 ఆగస్టు 2018

పెద్దమ్మా,

అత్తమ్మకు నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది. ఆమెకు చదువు రాదని నీకు ఎరుకే. వీరేశం కాలేజీకెళ్ళి వచ్చి, ఏదో మంచి చెడ్డ రాసి ఉంటవనుకొని, అరుగు మీద కూసొని పైకి చదివిండు. నడిమిట్ల ఆపుదామని చూసిండు. అత్తమ్మ ఊకోలే, మొత్తం చదవమన్నది.

'అక్షరం ముక్క రానిదానివి, చదువు విలువ నీకేం ఎరుక, నా బిడ్డ చేత నీ ఇంటి చాకిరి చేపిద్దామని చూస్తున్నవ్' అని రాసినవ్.

అది ఇని అత్తమ్మ లేచింది. లోపలికి పోయి నిహారిక బట్టలు మడతపెట్టింది. మమ్ముల తినుమన్నది, తను తినలే. తెల్లారి నారాయణపేటల తన బిడ్డ, మా ఆడబిడ్డ ఇంటికి పోయింది. ఆపితే ఆగలే.

నీకు ఒక సంగతి తెల్వాలె. ఈ ఇంట్ల నన్ను నౌకరి ఇడువొద్దన్నది ఆమె ఒక్కతే. వీరేశం 'నీ ఇష్టం' అన్నడు. అత్తమ్మ మాత్రం, 'నేనున్న గద బిడ్డా, పిల్లను నేను చూస్త, నువ్వు పో' అని రోజు చెప్పేది. నేనే ఇనలే.

కిటికీ మాట నిన్ను తప్పు పట్టనీకి రాయలే. నువ్వు గేటు కాడ కనబడంగనే నాకు ఎంత సంబురమయ్యేదో యాది చేసుకున్న. అది రాస్తే ఇంకొక తీరుగ అర్థం చేసుకున్నవ్. నేనే సరిగ రాయలేదేమో.

సెలవు అయిపోయింది. రాజీనామా ఇచ్చిన. నీ ఉత్తరం వల్ల కాదు, అత్తమ్మ పోయిందని కాదు. కానీ ఇప్పుడు ఆ మాట ఎవ్వరు నమ్ముతలేరు. పిల్లను చూసేటోళ్ళు లేక ఇడిచిందని ఊరంత అంటున్నరు. నా అంతట నేను తేల్చుకున్న పని అది. నాది కాకుండ అయింది.

కొన్ని రోజులు నాకు ఉత్తరం రాయకు.

శ్రీదేవి


నారాయణపేట,
30 సెప్టెంబర్ 2018

బిడ్డా శ్రీదేవీ,

రాయొద్దన్నవ్. అయినా రాస్తున్న. పైన ఊరి పేరు చూసి పరేషాన్ కాకు. మీ అత్త ఉన్న ఇంట్లనే కూసొని రాస్తున్న.

మిర్యాలగూడల ఒక బస్సు, దేవరకొండల ఒక బస్సు మారి పాలమూరు వచ్చి, ఆడ నారాయణపేట బస్సెక్కిన. కండక్టర్ ఏమడిగినా నాకు ఇనబడకపాయె. ఊరి పేరు రాసిన కాయితం చూపించుకుంట వచ్చిన. ఈ ఇల్లు దొరికేసరికి పొద్దు వాలవట్టింది. నర్సింగమ్మ వాకిట్ల జొన్నలు చెరుగుతాంది. నన్ను చూసి చాట కింద పెట్టింది. లోపలికి పోతదేమో అనుకున్న. చెంబుల నీళ్ళు తెచ్చిచ్చింది.

ఇగ మా కష్టం ఏం చెప్పుదు. ఆమె చెప్పేది నాకు ఇనబడది. రాసియ్యమంటే ఆమెకు రాయరాదు. ఆమె గట్టిగ మాట్లాడితే నలుగురు వచ్చి నిలవడ్డరు, కొట్లాట అనుకొని. వాళ్ళను పంపించి, నా దగ్గరికి జరిగి, మెల్లగ ఒక్కొక్క మాట పలికింది. పెదవులు చూసి అర్థం చేసుకున్న.

ముందుగాల నేనే అన్న: నేను రాసింది తప్పు, నీకు చెప్పనీకే వచ్చిన. ఆమె, ఇంత దూరం ఒక్కదానివే ఎట్ల వచ్చినవ్, అని అడిగింది. రొట్టె పెట్టింది. తిన్నంక చెప్పింది.

'నా పిల్లలు చేను గట్టు మీద ఏడ్చి ఏడ్చి పండుకునేటోళ్ళు. కూలికి పోకుంటే ఆ పూట బువ్వ లేదు. ఇంట్ల ఉంట అనుకోనీకి కూడ నాకు లేకుండె. శ్రీదేవి చేతిల మంచి నౌకరి ఉన్నది, గందుకే ఇడువకు అన్న. కానీ బిడ్డను సూసుకుంట అని ఆమె అంటే, నా మనసుల ఒక దిక్కు మంచిగనే అనిపించింది. ఆ మాట ఆమెకు చెప్పలే.'

ఇంకొకటి కూడ అన్నది. 'చదువు రాదన్నవ్, అది నిజమే. నా కొడుకు నోటితోటి చదివిపిచ్చుకొని ఇనాల్సి వచ్చింది, అది కష్టమైంది.'

నేను తల వంచుకొని కూసున్న. ఇంతకుమించి ఏం రాయను.

బతుకమ్మ అయినంక మక్తల్ వస్త అన్నది. పిల్ల యాదికొస్తాందట. నేను పొద్దున వెళ్ళిపోత. నీ ఇంటికి వస్తలేను, నువ్వు పిలిచినప్పుడే వస్త.

నీ రాజీనామా మాత్రం నాకు ఇంక కడుపుల కాల్తనే ఉన్నది. అబద్ధం రాయను. ఒక్క బస్సు ప్రయాణంతోటి అది పోలే.

పెద్దమ్మ


మక్తల్,
14 ఆగస్టు 2019

పెద్దమ్మకు వందనాలు.

నేను పిలిస్తే నువ్వు వచ్చి పోయినంక ఇల్లు బోసిపోయింది. నిహారిక నీ లెక్క చెవి కాడ చెయ్యి పెట్టుకొని 'ఆఁ?' అంటాంది. అత్తమ్మ ఆపలేక నవ్వుతాంది.

నువ్వు ఉన్నప్పుడు అడుగుదామనుకొని అడగలేకపోయిన సంగతి ఒకటి ఉన్నది. ఉత్తరంల అయితే రాయొచ్చు.

ఇంట్ల ఉండుడు నేను అనుకున్నంత అలకగ లేదు. పొద్దున మంచిగనే పోతది. పిల్ల మాటలన్ని ఇప్పుడు నాకే ముందు తెలుస్తున్నయి. చీమను చూసి అది ఎటు పోతాందని అడిగితే, ఇద్దరం కలిసి దాని ఎంట గోడ దాంక పోతం. ఆ పొద్దులు నాకు ఎవ్వరిచ్చినా దొరకయి. మధ్యాహ్నం పిల్ల పండుకున్నంకనే కష్టం. చేతులు ఊకనే ఉంటయి. బజార్ల జీపు పోతే మా ఆఫీసుదేమో అని తల ఎత్తి చూస్త. ఒక్కొక్క రోజు ఏడుపొస్తది. ఎందుకని అడిగితే చెప్పరాదు. డాక్టరమ్మా అని పిలిచినోళ్ళే ఇప్పుడు నిహారిక వాళ్ళమ్మా అంటున్నరు. అది తప్పు కాదు, నేను ఆమె అమ్మనే. అయినా ఒక్కోసారి ఎవరినో పిలుస్తున్నరనుకుంట.

పోయిన వారం గొర్లకాపరి గుర్వయ్య ఉరికొచ్చిండు. వానలు ఎనకవట్టి వాడిపోయిన జొన్న పిలకలల్ల మంద పడ్డదట. అది విషం పెద్దమ్మా, జల్ది సూది పడాలె. సర్కారు పశువుల దవాఖానల కొత్త డాక్టర్ మీటింగుకు పోయిండట. నిహారికకు ఆ పొద్దు జరం, నా మెడకు అతుక్కొని ఉన్నది. అత్తమ్మ 'నాకియ్యి, పో' అన్నది. పోతే పోయేదాన్ని. కానీ పోలే. మందుల షాపుల ఏం తేవాల్నో రాసిచ్చిన, ఎట్ల ఎయ్యాల్నో చెప్పిన, ఇంకొక ఊరి డాక్టర్‌కు ఫోన్ చేసిన. ఆయన వచ్చేసరికి మందల సగం పడిపోయినయి.

మొన్న గుర్వయ్య బజార్ల కనబడి, 'బిడ్డకు తగ్గిందా డాక్టరమ్మా' అని అడిగిండు. తిట్టినా బాగుండు.

ఆ పొద్దు ఎందుకు పోలేదో నాకే తెలుస్తలేదు. పోతే ఈ ఇంట్ల ఉండుడుకు అర్థం లేదనుకున్ననేమో. నేను తప్పు చేసిన్ననా పెద్దమ్మా? నౌకరి ఇడుచుడు గురించి అడుగుతలేను. ఆ పొద్దు గురించి అడుగుతున్న.

నీ బిడ్డ
శ్రీదేవి


హుజూర్‌నగర్,
27 ఆగస్టు 2019

బిడ్డా,

అప్పుడే చెప్పిన గద, అని రాస్తననుకొని భయపడ్తనే నా ఉత్తరం ఇప్పి ఉంటవ్. అట్ల రాయను.

నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు చావని జీవాలు లేవా? ఉన్నయి. అప్పుడు కూడ బాధపడ్డవ్, కానీ తెల్లారి ఇంకొక ఊరికి పోయినవ్. ఇప్పుడు పోనీకి ఇంకొక ఊరు లేదు. గందుకే ఆ గొర్లు నీ కండ్ల ముందలనే ఉన్నయి. నాకు అర్థమైంది అంతే. తప్పా ఒప్పా అని నేను చెప్పలేను. మెడకు అతుక్కున్న పిల్లను ఇడిపించుకొని పోవుడు ఎంత కష్టమో, పోకుండ ఉండుడు ఎంత కష్టమో, ఆ వాకిట్ల నిలవడ్డదానివి నువ్వు.

ఒక్క పని చెప్త. గుర్వయ్య ఇంటికి పో. సంజాయిషీ చెప్పనీకి కాదు. మిగిలిన జీవాలు ఎట్లున్నయో అడుగు, చెయ్యి పెట్టి చూడు. పిల్లను కూడ తీసుకపో. వార్డుల పిల్ల దక్కని తల్లి ఉంటే మేము గదే చేసేటోళ్ళం. మాటలు చెప్పకపోయేటోళ్ళం. మంచం పక్కన నిలవడి బీపీ చూసేటోళ్ళం, దుప్పటి సరిజేసేటోళ్ళం.

మధ్యాహ్నాలు ఏడుపొస్తే ఏడువు. అది నౌకరి మీద ప్రేమ. పిల్ల మీద ప్రేమకు అది అడ్డం కాదు. రెండూ ఒక్క మనిషిల ఉండొచ్చని నాకు ఈ వయసుల అర్థమైతాంది.

నర్సింగమ్మకు నా దండాలు చెప్పు. మోకాళ్ళకు నూనె పంపిస్తున్న, రాసుకోమను.

పెద్దమ్మ


మక్తల్,
3 అక్టోబర్ 2022

పెద్దమ్మకు వందనాలు.

నిహారిక ఒకటో తరగతికి పోతాంది. పలక మీద నీ పేరు రాయమంటే 'బాలనసమ్మ' అని రాసింది. దిద్దిపిస్తున్న.

నువ్వు చెప్పినంక గుర్వయ్య ఇంటికి పోయిన్నని రాసిన గద. అప్పటిసంది వాళ్ళ ఇంటోళ్ళు, వాళ్ళ చుట్టాలు, జీవానికి ఏదన్న అయితే మా వాకిట్లకొస్తరు. నాకు తోచింది చెప్త, అవసరమైతే పోత. కొత్త డాక్టర్ కూడ ఏం అనుకోడు, ఆయనకే ఫోన్ చేసి అడుగుత. అంతే. దుకాణం పెట్టలే, బోర్డు కట్టలే. పిల్ల బడికెళ్ళి వచ్చే యాళ్ళకు ఇంట్లనే ఉంట.

మళ్ళ నౌకరిల చేరుతవా అని వీరేశం అడుగుతడు. నోటిఫికేషన్ వస్తే తెచ్చి చూపిస్తడు. చదువుత, పక్కన పెడ్త. తెల్వది అని చెప్త. నిజంగనే తెల్వది. కానీ పోయిన ఏండ్ల కోసం పశ్చాత్తాపం లేదు.

ఒక్క సంగతి అడగాలె. భాగ్యలక్ష్మి వచ్చి చెప్పింది. మీ చర్చిల అందరు నేను ఇంక సర్కారు డాక్టర్‌గనే పని చేస్తున్నననుకుంటున్నరట. నువ్వే అట్ల చెప్తున్నవట. ముందుగాల నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలే. నా గురించి చెప్పుకోనీకి నీకు సిగ్గైతాందా పెద్దమ్మా?

కోపంతోటి అడుగుతలేను. తెలుసుకుందామని అడుగుతున్న.

నీ బిడ్డ
శ్రీదేవి


హుజూర్‌నగర్,
21 నవంబర్ 2022

బిడ్డా శ్రీదేవీ,

జవాబు రాయనీకి ఆలస్యమైంది. ఏం రాయాల్నో తెలువక కాదు. ముందుగాల చెయ్యాల్సిన పని ఒకటి ఉండె.

సిగ్గు కాదు. నువ్వు నౌకరి చేస్తున్నవని చెప్పుకున్న ప్రతిసారి నా బతుకు కూడ మంచిగ గడిచినట్టు అనిపించేది. నేను పడ్డదంత ఎందుకోసమో ఆ ఒక్క మాటల తెలిసేది. ఆ మాట పోతే నా కాడ ఏముంటదని భయపడ్డ. నీ నౌకరి నువ్వు ఇడిచినవ్ గాని నేను ఇడువలే.

మన వాడల దశరథం బిడ్డ సుచరితకు పశువుల డాక్టర్ కాలేజీల సీటొచ్చింది. పోయిన ఆదివారం చర్చిల ప్రార్థన చేసి, పాస్టర్ నన్ను లేచి నిలవడమన్నడు. మన శ్రీదేవి గురించి ఈ పిల్లకు నాలుగు మాటలు చెప్పుమంటున్నడని బిక్షమ్మ రాసి చూపించింది.

నిలవడ్డ. 'మా శ్రీదేవి ఆ పని మంచిగ చేసింది. ఇప్పుడు చేస్తలేదు. నాలుగేండ్ల కిందనే ఇడిచింది. ఇంట్ల ఉంటాంది, బిడ్డను పెంచుతాంది. ఎవ్వరు ఇడువమనలే, ఆమె ఇష్టంతోనే ఇడిచింది. ఇన్నాళ్ళు నేను మీకు ఇంకొక తీరుగ చెప్పిన' అన్న. ఇన్నేండ్లల ఆ మాట నా నోట్లకెళ్ళి వచ్చుడు అదే మొదలు. చెప్పినంక నేను పోగొట్టుకున్నది ఏం లేదని తెలిసింది. నా నౌకరి నాదే, నీ ఇల్లు నీదే.

బయటికొచ్చినంక సుచరిత నా ఎంటవడ్డది. నువ్వు నౌకరి ఇడిచినవని తెలిసి ఆమె మొఖం చిన్నబోతదేమో అనుకున్న. చిన్నబోలే. అక్క కాడికి పోయి కొన్ని రోజులు ఉండొచ్చా, అని అడిగింది. వచ్చే వారం బుధవారం పొద్దున బస్సు ఎక్కిస్తున్న. కాలేజీ మొదలయ్యేలోపట నీ కాడ ఉంటది.

బర్రె కడుపుల దూడను ఎట్ల తిప్పుతరో చెప్పు. ఎక్కడికన్న పోతే ఎంట తీసుకపో. నౌకరి ఎందుకు ఇడిచినవని అడుగుతది, అడగకుండ ఉండే పిల్ల కాదు. అప్పుడు మంచిగనే ఉన్న అని చెప్పి ఊకోకు. పిల్లతోటి చీమ ఎంట పోయిన పొద్దులు చెప్పు, ఏడ్చిన మధ్యాహ్నాలు కూడ చెప్పు. రెండూ ఇని పోనీ. రేపు ఏం చెయ్యాల్నో ఆ పిల్ల చూసుకుంటది.

ఆమెకు బస్సు పడది. దిగంగనే చల్ల ఇయ్యి.

మీ పెద్దమ్మ
బాలనర్సమ్మ